స్టిక్కరు తీశాక

ఆపరేషన్ గది తలుపు పైన ఎర్రదీపం వెలుగుతోంది, దాని వెనక ఎక్కడో భార్య మెడలోని గడ్డను కోసి తీస్తున్నారు, ఇవతల బావమరిది మాట్లాడుతున్నాడు, మాట్లాడుకోనీ, ఆయన చెవి మిషను ఆపేసుకుని కూర్చున్నాడు. ఆపడానికి ఆట్టే కష్టపడక్కర్లేదు, చెవి వెనక వంకీలా తగిలించిన ఆ ప్లాస్టిక్ ముక్కకి అడుగున బుల్లి తలుపొకటి ఉంటుంది, తల గోక్కుంటున్నట్టు నటిస్తూ గోటితో దాన్ని పిసరంత లాగితే చాలు, లోకం నోటికి తాళం పడుతుంది. బావమరిది పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం వాడి ఉద్యోగం, అరిచినందుకు జీతమిచ్చే చోటు లోకంలో అదొక్కటే ఉన్నట్టుంది, రిటైరయ్యాక కూడా వాడు మనిషితో మాట్లాడడం నేర్చుకోలేదు, జనంతోనే మాట్లాడతాడు, ఎదురుగా ఉన్నది ఒక్క బావే అయినా వాడి చూపు బావ తల మీదుగా వెళ్లి ఎక్కడో చివరి బెంచీలో నిద్రపోతున్న ప్రయాణికుడి మీద వాలుతుంది. అలాంటివాడి మాట వినడానికి బ్యాటరీ తగలేయడం ఎందుకు? పొద్దున డాక్టరు వచ్చి, "గడ్డ ఎక్కడిదాకా పాకిందో తెరిచి చూస్తే గానీ తెలీదు సార్, అవసరమైతే మధ్యలో బయటికొచ్చి మీతో ఒక మాట మాట్లాడతాను, మీరు ఇక్కడే ఉండండి" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ పొదుపంతా.

లెక్క ప్రకారమైతే భయం లేదు. శనగగింజంత ఆ బ్యాటరీ బిళ్ల అమ్మే అట్ట వెనక, భూతద్దం పెడితే గానీ ఆనని అక్షరాల్లో, మూడువందల పది మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంటుంది. మిషను గంటకు రెండు తాగుతుందని దాని పుస్తకంలో వాళ్లే రాసుకున్నారు. మూడువందల పదిని రెండుతో భాగిస్తే నూటయాభై ఐదు గంటలు, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది, బడిపిల్లలు వేళ్లు మడవకుండా చేసే లెక్క. రోజుకు నాలుగు గంటలకు మించి ఆయన వినడు, వినదగ్గది అంతకు మించి ఉండదు గనక, అంటే నెల దాటి మరో వారం రావాలి, బిళ్ల మీది స్టిక్కరు పీకి ఇంకా నెలైనా కాలేదు. ఇంత తేలిక లెక్క చూపించినందుకు మిషను అమ్మిన ఆ పిల్ల నవ్వింది. చెవుల పరీక్ష చదువుకుందట, తెల్లకోటు వేసుకుందట, నవ్వి, "అలా రాదు సార్, ఈ నారింజరంగు స్టిక్కర్ తీశాక అది గాలి పీల్చడం మొదలెడుతుంది, మీరు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పీలుస్తూనే ఉంటుంది, ఆపేసి మిగుల్చుకుందామంటే మిగలదు, రెండు మూడు వారాలు చూసుకుని మార్చేయండి" అంది. మార్చేయండి! అసలు సంగతంతా ఆ చివరి మాటలో ఉంది, ఏ దుకాణంవాడు తన సరుకు నెమ్మదిగా వాడుకోమని చెప్పాడు గనక? మరి అట్ట మీది అంకె మాటేమిటని గద్దిస్తే, "అది ల్యాబులో కొలిచింది సార్, మీ చెవిలో కొలిచింది కాదు" అని మళ్లీ నవ్వింది. దబాయించి అమ్ముకోవడానికి కూడా ఈ రోజుల్లో తెల్లకోటు కావాలి కాబోలు.

ఎవరితో పెట్టుకుందో ఆ పిల్లకి తెలీదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఆయన ఒక వయసంతా గడిపాడు, ఆయన బజారు మొదట్లో కనబడితే చివరి కొట్లో తక్కెడ కిందినుంచి అయస్కాంతం మాయమయ్యేది. వర్తకులు ఆయనకు గ్రాముగారు అని పేరు పెట్టుకున్నారు, ఒక్క గ్రాము తగ్గినా కేసు రాస్తాడని, పెట్టుకుంటే పెట్టుకున్నారు, ఆయనకది బిరుదులాగే వినిపించింది. పొట్లం మీద వేసిన అంకె అంటే ఉత్త అంకె కాదు, కొనేవాడికి అమ్మేవాడు చేసిన ప్రమాణం, ఆ ప్రమాణం తప్పితే దొంగ, మధ్యలో మరో రకం మనిషి ఉండడు. ఒకసారి సబ్బుల కొట్టువాడొకడు చేతులు నలుపుకుంటూ, "ఆరిపోయిందండీ, సబ్బు కదండీ, ఎవరూ వాడకపోయినా అలమార్లో కూర్చుని తనంతట తనే తరిగిపోతుందండీ" అన్నాడు. తనంతట తనే! ఆరేదైతే ఆరుతుందని పైన రాయాలి, రాయలేదంటే దొంగతనమే అని ఆయన కేసు కాయితం చించి వాడి చేతిలో పెట్టాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది, సబ్బులాగే ఉండేది, పాలిపోయి, అంచులు అరిగి.

బావమరిది చేతిలోని ఫోను ఎత్తి చూపిస్తున్నాడు, దాని మూలన ముప్పై అని కనబడుతోంది. ముప్పై శాతం ఉంది, మధ్యాహ్నం దాకా లాగేస్తుంది బావా అని కాబోలు, వినకుండానే చెప్పొచ్చు, వాడి తెలివి ఎక్కడిదాకా వెళ్తుందో ఆయనకు తెలుసు. శాతం అంటే వాడికి గిన్నెలో నీళ్లు. మొన్న సంచీలో ఇటుక లాంటిది ఒకటి తెచ్చాడు, పైన పదివేలు అని బంగారు రంగులో అచ్చేసి ఉంది, ఫోన్లకి నీళ్లు పోసినట్టు చార్జింగు పోస్తుందట, "రెండుసార్లు నిండాక కూడా ఇంకా మిగులుతుంది చూడు బావా" అని పందెం కాశాడు. ఏం మిగల్లేదు, రెండోసారి సగంలోనే ఇటుక ఇటుకైపోయింది. ఆ పదివేలు లోపలి సెల్లు లెక్క, బయటికి పంపడానికి దాన్నే ఎక్కువ వోల్టేజికి ఎత్తాలి, ఎత్తేసరికి అంకె తరుగుతుంది, దారిలో వేడిగా కొంత పోతుంది, ఫోనులో దిగేది ఆరువేల చిల్లర. అంతకు ముందు ఇంట్లో ఇన్వర్టరు పెట్టించినప్పుడూ ఇదే తంతు. బ్యాటరీ మీద నూటయాభై అని ఉందట, ఆరు గంటలకు ఢోకా లేదట, చుట్టాలందరినీ పిలిచి మరీ చెప్పాడు, రెండు గంటలు కాకముందే ఫ్యాన్లు నీరసంగా తిరిగి తిరిగి ఆగాయి. ఆ రోజు ఆయన మిషను ఆన్ చేసుకుని మరీ కూర్చున్నాడు, చుట్టాల నవ్వులు వినడానికి. "ఒరేయ్, ఆ నూటయాభై అనేది ఇరవై గంటల పాటు నెమ్మదిగా లాగితే వచ్చే లెక్కరా, నువ్వు ఇల్లంతా దానికి తగిలించి రెండు గంటల్లో జుర్రేయాలని చూస్తే సగం చేతికొస్తే గొప్ప. ఎలా కొలిచారో అడక్కుండా అంకెను నమ్మేవాణ్ని ఏమంటారో తెలుసా?" అని అందరి ముందూ అడిగాడు. వాడు తల గోక్కుని నవ్వేశాడు, సిగ్గు అనేది వాళ్ల ఇంట్లో ఎవరికీ లేదు.

వాళ్ల ఇల్లంతా అంతే, మాటల ఫ్యాక్టరీ. భార్య మాత్రం తక్కువ తిందా? పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ అక్కడికొచ్చిన ప్రతి మొహాన్నీ సాయంత్రం ఇంటికి తెచ్చేది, పార్సిలు కట్టడం రాని ముసలాయన, అడ్రసు మర్చిపోయి కవరు చేతిలో పట్టుకుని ఏడ్చిన పెళ్లికూతురు, రిటైరయ్యాక కౌంటరు పోయింది గానీ మాట పోలేదు, కుళాయితో మాట్లాడుతుంది, పొయ్యితో మాట్లాడుతుంది, కిటికీ మీద వాలిన కాకిని మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతుంది. ఆయన తన వృత్తిలో నేర్చిన చిట్కా ఒకటి ఇంట్లో వాడుకున్నాడు. ఏ సరుకునైనా ముందు డబ్బాతో తూచాలి, తర్వాత డబ్బాను విడిగా తూచి తీసేయాలి, మిగిలిందే అసలు. మనుషుల మాటల్ని అలా తూస్తే ఏం మిగులుతుంది? అట్ట, పురికొస, జిగురు, అంతా పోయాక అడుగున చిటికెడు. పక్కింటాయన మాటలో అదీ ఉండదు, టీవీలో వార్తలు చదివేవాడి మాటలో తప్పులు దొరుకుతాయి గనక దానికి మాత్రం మిషను ఆన్ చేయొచ్చు. ఆవిడ సాయంత్రం మాటల్లో చిటికెడు దొరకొచ్చు గానీ దానికోసం గంటసేపు కరెంటు ఎవడు తగలేస్తాడు? అందుకని తలుపు పిసరంత లాగేవాడు. పని కష్టం కాదు, పెదాలు ఆగినచోట ఊఁ అనాలి, కనుబొమలు లేస్తే అలాగే అనాలి, చేయి ఊపితే వాళ్లంతే అనాలి, ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా పట్టుబడలేదు. అంటే ఆ మాటల్లో ఏమీ లేదనే కదా.

భుజం మీద చెయ్యి పడింది. బావమరిది ఏదో అడుగుతున్నాడు, ఈసారి జవాబు కావాలన్నట్టు ముఖం దగ్గరగా పెట్టాడు. ఆయన విసుగ్గా చెవి వెనక తలుపు నొక్కాడు, మిషను తన మామూలు పాట పాడింది, పాట తర్వాత గది మొత్తం దబ్బున మీద పడింది, ఏసీ హోరు, ఎవరిదో దగ్గు, చక్రాల మంచం కీచుమనడం, వీటన్నిటి మీదా బస్టాండు గొంతు.

"కాఫీ తాగుతావా అని ఇందాకట్నుంచి అడుగుతున్నా బావా! పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు నువ్వు. అక్క లేస్తే నన్ను తిడుతుంది."

చూశారా, డబ్బా తీసేస్తే ఇంతే. వద్దని చెబుదామని నోరు తెరిచేలోపు చెవిలో సన్నగా రెండు చుక్కలు మోగాయి, టింగ్, టింగ్, ఆ తర్వాత దిగిపోతున్న మెట్లలా మూడు స్వరాలు, ఏసీ హోరు వెనక్కి వెళ్లిపోయింది. ఆయనకు ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు, అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. ఇది బ్యాటరీ అయిపోయేముందు చేసే చప్పుడు. ఎలా అయిపోతుంది, ఇంకా ఎన్నో గంటలు ఉండాలి, కంపెనీవాడు వేసిన అంకె, మిషనువాడు రాసిన అంకె, తను చేసిన భాగహారం, మూడింట్లో మొదటి రెండే తప్పవ్వాలి. తలుపు పూర్తిగా తెరిచి బిళ్లను అరచేతిలోకి దులిపాడు. వెండి బిళ్ల, వెనక సూదిమొనంత చిల్లులు, ఆ చిల్లుల మీంచే స్టిక్కరు పీకింది. ఊదాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టాడు, పాట పాడింది. హోరు తిరిగొచ్చింది. అదీ, దొంగ ఏడుపు! కాస్త దులిపితే లేచి కూర్చుంది, నిజంగా అయిపోయిందైతే లేస్తుందా? నిన్న ఇంటినుంచి బయల్దేరుతుంటే ఆవిడ, "ఇంకో బిళ్ల జేబులో వేసుకోండి, దాని సంగతి చెప్పలేం" అంది, తను లెక్క చూపించి నోరు మూయించాడు. సరిగ్గానే మూయించాడు.

"ఏమైంది బావా, మిషను మొరాయిస్తోందా? కింద మందుల షాపులో ఈ బిళ్లలు అమ్ముతారేమో కనుక్కురానా?" అన్నాడు బావమరిది, పక్క బెంచీల వాళ్లంతా తిరిగి చూసేలా. ఆ చూపులు చెవి మీద పడ్డాయి, ఆయనకు ఒళ్లు మండింది. చెవుడని దండోరా వేసి చెప్పడం ఒక్కటే మిగిలింది వీడికి. "అవసరం లేదు. బిళ్ల బాగానే ఉంది. నీ ఫోను చచ్చేలా ఉంది, ముందు అది చూసుకో. కింద ఎక్కడైనా చార్జింగు పెట్టుకుని, కాఫీ తాగి, నింపాదిగా రా" అన్నాడు. వాడు అనుమానంగా చూసి, ఎర్రదీపాన్ని చూసి, లేచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ కాపలా అతనికి కూడా ఏదో చెప్పాడు, ఎక్కడికెళ్లినా ప్రకటన చేయందే కదలడు.

వాడు మలుపు తిరగ్గానే ఆయన మిషను మళ్లీ ఆపాడు, డాక్టరు కోసం. ఆపాక ఆ చిల్లులు గుర్తొచ్చాయి. ఆపినా చిల్లులు మూసుకోవు కదా. ఆ పిల్ల చెప్పింది నిజమైతే ఇప్పుడు కూడా, ఈ ఏసీ ఎండుగాలిలో, చెవి వెనక ఎవరికీ పనికిరాకుండా అది తనను తాను తినేస్తూ ఉండాలి. నిజమైతే. నిజమైతే అట్ట మీద ఎందుకు రాయలేదు? నిజమైతే మూడువందల పది అనేది ఏ చెవిటివాడికీ ఎప్పుడూ చేరని అంకె, ఆగకుండా ఒకే తీరున తాగించి గబగబా కొలిచేసిన ప్రయోగశాల అంకె, పడుతూ లేస్తూ నెలంతా వాడుకునే మనిషి అంకె కాదు. కేసు రాయాలి. ఉద్యోగంలో ఉండుంటే గోదాము మొత్తానికి సీలు వేసేవాడు. ఆయన మనసులో వాక్యాలు పేర్చుకోసాగాడు, వినియోగదారుని తప్పుదోవ పట్టించునట్టి ముద్రణ, అలమారలో నుండి కూడా తరుగుదల చెందు స్వభావమును దాచిపెట్టి, ఆ వాక్యం దగ్గర ఎందుకో సబ్బుల కొట్టువాడి ముఖం అడ్డొచ్చింది, దాన్ని పక్కకు నెట్టాడు. ఎదుటి గోడ మీద టీవీలో ఎవరో నోరు తెరిచి పాడుతున్నారు, కింద తుడిచే మనిషి తడిగుడ్డతో నేల మీద ఒకే చోట రుద్దుతోంది, పక్క బెంచీలో తల్లీకూతుళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి ఏదో చెప్పుకుంటున్నారు, అంతసేపు చెప్పుకోవడానికి వీళ్లకి ఏముంటుందో.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో డాక్టరు, మూతి గుడ్డ గడ్డం కిందికి లాగి, గ్లవ్సు చేతులు దేనికీ తగలకుండా ఛాతీ ముందు పట్టుకుని. ఆయన లేచాడు, లేస్తూనే చెవి నొక్కాడు, పాట వచ్చింది, హమ్మయ్య. "చూడండి సార్," అన్నాడు డాక్టరు, "మనం అనుకున్నంత తేలిగ్గా లేదు. గడ్డ వెనకవైపు..." టింగ్, టింగ్, దిగిపోయే మెట్లు, ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత ఏమీ లేదు. డాక్టరు పెదాలు కదులుతున్నాయి. చేతిని తలకేసి తీసుకెళ్లబోయి ఆగాడు, ఇప్పుడు బిళ్ల దులుపుతూ కూర్చుంటే ఈ కుర్రడాక్టరు ముందు, ఆ కాపలావాడి ముందు, బెంచీల్లో చెవులు రిక్కించిన ఈ జనం ముందు ఎంత చులకన. ఏముంటుంది, గడ్డ వెనకవైపు పాకింది, తీసేస్తున్నాం, ఇంకాస్త సేపు పడుతుంది, వీళ్ల మాటల్లోనూ సరుకు కంటే అట్టే ఎక్కువ. పెదాలు ఆగాయి. ఊఁ అన్నాడు. డాక్టరు ఒక చేయి ఇటు తిప్పాడు, ఒక చేయి అటు తిప్పాడు, మళ్లీ మాట్లాడాడు, కనుబొమలు లేచాయి. "అలాగే కానివ్వండి" అన్నాడు ఆయన, గంభీరంగా. డాక్టరు తల కాస్త పక్కకు వాల్చి, ఈసారి పొట్టిగా ఏదో అడిగాడు. ఆయన తల ఊపాడు, నిబ్బరంగా, రెండుసార్లు. డాక్టరు కూడా తల ఊపి లోపలికి తిరిగాడు. గౌరవం దక్కింది.

అప్పుడు బావమరిది కనబడ్డాడు, నడవా మలుపులో, చేతిలో రెండు కాఫీ కప్పులతో, కదలకుండా నిలబడి. వాడి ముఖంలో రక్తం లేదు. కప్పులు ఎక్కడ పడేశాడో, పరుగున వచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు, అరుస్తున్నాడు, వాడి అరుపు ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు కావలసి వచ్చింది, అది రాలేదు. "ఏమిటి?" అన్నాడు. వాడు తన గొంతు మీద చేయి వేసుకున్నాడు, మెడను పిడికిటితో పట్టుకుని, పట్టుకున్నదాన్ని లాగి అవతల పారేసినట్టు చేయి విదిలించాడు, ఆ చేతినే ఆయన ముఖం మీదికి ఎత్తి, నువ్వే అన్నట్టు చూపించాడు. తల ఊపింది దేనికి? రెండుసార్లు ఊపింది దేనికి? తలుపు వైపు పరుగెత్తాడు, కాపలా అతను అడ్డొచ్చాడు, తోశాడు, తలుపు అద్దం మీద అరచేతులతో బాదాడు, తన చేతుల చప్పుడు తనకే వినబడడం లేదు, ఇంకా గట్టిగా బాదాడు. "డాక్టర్! నాకు వినపడలేదు! మీరు చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు! నాకు చెవుడు!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో ఆయనకు తెలీదు, బెంచీల్లో వాళ్లంతా లేచి నిలబడడం మాత్రం కనబడింది.

డాక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయనతో కాదు, బావమరిదితో మాట్లాడాడు. బావమరిది విని, ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని, కుడిచెవిలో నోరు పెట్టి, ఒక్కో మాట విడివిడిగా, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పాడు. ఊపిరి వేడిగా తగులుతుండగా, ఎక్కడో గోడ అవతలినుంచి వస్తున్నట్టు ఆ మాటలు వచ్చాయి.

"గడ్డ గొంతు నరానికి అతుక్కుందట బావా. నరంతో సహా తీసేస్తే జబ్బు మొత్తం పోతుందట. కానీ గొంతు పోతుందట. గుసగుస తప్ప మాట రాదట. నువ్వు అదే చెయ్యమన్నావట! నరం వదిలేస్తే గొంతు ఉంటుందట, జబ్బు పిసరు మిగులుతుందట, దానికి తర్వాత మందులు వాడాలట, మళ్లీ పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. రెండిట్లో ఏది కావాలో నిన్ననే అక్కని ఆలోచించుకోమన్నాడట. అక్కకి ఏది కావాలో నిన్న సాయంత్రం నీకు చెప్పిందటగా? మత్తు ఇచ్చేముందు డాక్టరుగారితో అందట, మా ఆయనకి అంతా విడమరిచి చెప్పాను, ఆయన్నే అడగండి అని. ఏం చెప్పింది బావా?"

నిన్న సాయంత్రం. ఆసుపత్రి గదిలో మంచం అంచున కూర్చుని, ఆకుపచ్చ గౌను వేసుకుని, కాళ్లు వేలాడేసుకుని. డాక్టరు వచ్చి వెళ్లినప్పుడు తను కింద కౌంటరు దగ్గర ఉన్నాడు, పైకి వచ్చేసరికి ఆవిడ ఎదురుచూస్తోంది, కూర్చోండి అని పక్కన చెయ్యి వేసి చూపించింది. కూర్చున్నాడు. మర్నాడు డాక్టరుతో మాట్లాడాలి, ఇవాళ ఖర్చు పెట్టకూడదు అనుకున్నాడు, తల గోక్కున్నాడు. ఆవిడ పెదాలు చాలాసేపు ఆడాయి. మామూలుగా చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి నిన్న చేతులు ఒళ్లో పెట్టుకుంది, అదైనా తను చూడలేదా, చూశాడు, చూసి పోస్టాఫీసు కబుర్లే అనుకున్నాడు. మధ్యలో ఒకసారి ఆగి కళ్లు తుడుచుకుంది. ఊఁ అన్నాడు. చివర కనుబొమలు లేచాయి, సరేనా అన్నట్టు. అలాగే అన్నాడు. అప్పుడు ఆవిడ నవ్వింది, మణికట్టు పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది, బరువు దించుకున్న మనిషిలా పడుకుని గోడవైపు తిరిగింది. ఆ పెదాల్ని ఇప్పుడు మళ్లీ పిలిచి చూశాడు, ఒక్క ఆకారమైనా చిక్కుతుందేమోనని, ఉంచమందా, తీసేయమందా, ప్రాణం అందా, మాట అందా, పెదాలు విడుతున్నాయి, కలుస్తున్నాయి, విడుతున్నాయి. ఏమీ చిక్కలేదు. తన ప్రాణం సంగతి తన నోటితోనే ఆయనకు అప్పజెప్పిన మనిషిని డబ్బాతో పాటు తీసి అవతల పెట్టాడు.

"చెప్పింది," అన్నాడు. "అంతా చెప్పింది. నేను మిషను ఆపుకుని కూర్చున్నాను. లేపండి. ఆవిణ్ని లేపి అడగండి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. దానికి ఎవరూ చెవిలో అరిచి చెప్పక్కర్లేకపోయింది. మెడ తెరిచి ఉంది, లోపల మనుషులు ఆగి ఉన్నారు, ఇప్పుడే చెప్పాలి. గ్లవ్సు చేతులు అలాగే ఛాతీ ముందు పట్టుకుని ఆయన నోటివంకే చూస్తున్నాడు, బావమరిదీ చూస్తున్నాడు, కాపలా అతనూ చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరి నోటివంకా అలా చూసిన పాపాన పోలేదు ఆయన.

"గొంతు ఉండనివ్వండి," అన్నాడు.

డాక్టరు లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది. బావమరిది ఆయన్ని పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి ఏదో అడిగాడు, అరవకుండా, మామూలు మనిషి మామూలు మనిషిని అడిగినట్టు. వినపడలేదు, కానీ అడగడానికి అక్కడ ఇంకేముంది గనక.

"తెలీదురా," అన్నాడు ఆయన. "మీ అక్కకి ఏది కావాలో నాకు తెలీదు. నాకు ఏది కావాలో అది చెప్పాను."